పెట్టెకు ముసుగు వద్దన్న మనిషి

మా వదిన పోయింది. పొద్దున కాఫీ తాగుతుండగా అన్న కొడుకు ఫోన్ చేసి, "చిన్నాయనా, అమ్మ నిద్దర్లోనే పోయిందయ్యా" అన్నాడు. తర్వాత, "టీవీకి దుప్పటి కప్పేసినాం. నువ్వొచ్చి గలాటా చేయబాక" అన్నాడు.

చావు జరిగిన ఇంట్లో టీవీ ఆపేసి, గుడ్డ కప్పి, పెద్దకర్మ దాకా ముట్టుకోకపోవడం మా తీరంలో రివాజు. ఆ రివాజు వదినకు ఇష్టం లేదు. చూపు పోయిన తర్వాత ఒకనాడు, కొడుకూ కోడలూ వింటుండగానే నా చెయ్యి పట్టుకుని, "నేను పోతే పెట్టెకు ముసుగెయ్యబాకండి. పోయేది నేను గానీ అది గాదు. సాయంత్రమయితే ఆడోళ్లొస్తారు, వాళ్లని వాకిట్లో నిలబెట్టబాకండి" అని చెప్పింది. అందుకే వాడు ముందుగానే నా నోరు కట్టాలని చూశాడు. డెబ్బై దాటిన నోరు ఫోనులో కట్టుబడేది కాదు.

నెల్లూరులో మైపాడు బస్సెక్కి కూర్చున్నాక ఆమె ముఖం కన్నా ముందు నాకు గుర్తొచ్చింది మా అన్న తప్పిన మాట. నలభై ఏళ్ల కిందటి సంగతి. మా పల్లెలో ఊరుమ్మడి హాలుకు ప్రభుత్వం టీవీ ఇచ్చిన కొత్త. ఊరి పెద్దగా మా అన్న, అందరూ వింటుండగా, తన పెళ్లానికి మాటిచ్చాడు: శుక్రవారం సాయంత్రం టీవీ ఆడవాళ్లది, ఒక్క మగాడు కూడా హాలులో అడుగుపెట్టడు. రెండు శుక్రవారాలు మాట నిలిచింది. మూడో శుక్రవారం ఆడవాళ్లు చేపల గంపలు దించి, స్నానాలు చేసి, పిల్లల్ని చంకనేసుకుని వచ్చేసరికి హాలుకు తాళం. తాళంచెవి మా అన్న మొలతాడుకు వేలాడుతోంది. ఎందుకని వదిన అడిగింది. ఆయన సముద్రం వైపు ముఖం తిప్పుకున్నాడు.

ఇది టీవీ చూసిన మనిషిని పొగిడే రాత. ఆ మాటకే ముక్కు చిట్లించేవారు ఇక్కడే ఆగిపోవచ్చు, నాకు నష్టం లేదు. అరవై ఏళ్లుగా పుస్తకాలు చదువుతున్నాను. పురాణాలు చదివాను, రష్యను అనువాదాలు చదివాను, ఎవరూ కొనని కవిత్వం కొని మరీ చదివాను. ముప్పై ఏళ్లు టౌను కాలేజీలో తెలుగు పాఠం చెప్పాను. అయినా కథ అంటే ఏమిటని అడిగితే నాకు గుర్తొచ్చేది ఎండుచేపల మధ్య ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చున్న మా వదినే.

ఆమెది పులికాట్ సరస్సు పక్క పల్లె. అక్కడి జనానికి తెలుగు ఎంతో అరవం కూడా అంతే. ఆ రోజుల్లో మా యాంటెనాకు హైదరాబాదు కన్నా మద్రాసు బొమ్మ బాగా అందేది. హాలులో మగవాళ్లు కూర్చునేవారు, కిటికీ బయట ఆడవాళ్లు నిలబడేవారు. అరవ నాటకం వచ్చినప్పుడు లోపలి మగవాళ్లు బొమ్మ మాత్రం చూసేవారు. కథ కిటికీ బయట నడిచేది. వదిన ప్రతి మాటా తెలుగులో చెబుతుంటే ఒక్కొక్కడే లేచి కిటికీ దగ్గరికి జరిగేవాడు.

హిందీ మాత్రం ఆమెకు రాదు. కానీ ఎవరూ ఆమెను అడగలేదు. వారానికొకసారి ఒక హిందీ పత్తేదారు కథ వచ్చేది. ఎప్పుడూ కోటు వేసుకుని ఉండే మనిషి ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు వేసి చివరికి హంతకుణ్ణి పట్టుకుంటాడు. వదిన అతని ముఖం బాగా చూసి, "వీడు పోలీసు గాదు మే. పెళ్లాం తప్పిపోయినోడు. అందుకే ఇల్లిల్లూ తిరగతా ఉండాడు. ఎవరింట్లో ఉందో తెలీదు గదా, అందుకని మాటలు పెట్టుకుంటాడు" అంది. రెండేళ్లు మా ఊరు అలాగే నమ్మింది. ఏ భాగంలో ఎంతమంది చచ్చినా ఆడవాళ్ల బెంగంతా ఆ పెళ్లాం దొరికిందా లేదా అన్నదే. చాలా ఏళ్ల తర్వాత అదే కథ తెలుగు మాటలతో వచ్చింది. చూసి అందరూ డీలా పడ్డారు.

"ఏందక్కా, ఈయన పెళ్లాన్ని ఎతకడం మానేసినాడే?" అని ఒకామె అడిగింది.

"తెలుగులోకి తెచ్చేటప్పుడు కథ చెడగొట్టుంటారులే" అని ఇంకొకామె సర్దిచెప్పింది.

వదిన ముఖంలో సిగ్గు లేదు. "నేను చెప్పిందాంట్లో ఆయనకొక ఇల్లుండేది. వీళ్లు అది గూడా తీసేసినారు" అంది.

ఇక తాళం సంగతి. ఆ శుక్రవారం వదిన హాలు ముందు అరవలేదు, ఏడవలేదు. మర్నాడు తెల్లవారి పడవలు ఒడ్డుకు వచ్చేసరికి ఆడవాళ్లంతా ఇసుక మీద గంపలు బోర్లించి, వాటి మీద కూర్చుని ఉన్నారు. మా పల్లెలో వేట మగవాడిది, అమ్మకం ఆడదానిది. గంప ఎత్తుకుని ఇందుకూరుపేట సంతలో బేరం చేయడం మగవాడికి చేతకాదు, చేతనైనా నామోషీ. ఎండ ఎక్కుతోంది. వంజరం చేపల కళ్లు తెల్లబడుతున్నాయి.

"లెయ్యండి మే, చేప చెడిపోతా ఉండాది" అని మా అన్న కేక వేశాడు.

"నువ్వే అమ్ముకోని రా. తాళంచెవి నీ మొలకే ఉందిగా, దాన్ని తూకానికెయ్యి" అంది వదిన.

ఒడ్డున మగవాళ్లు కూడా నవ్వారు. ఎండ నడినెత్తికి రాకముందే టీవీ హాలులో నుంచి లేచి, ఎండుచేపలు దాచే రేకుల షెడ్డుకు చేరింది. అప్పటినుంచీ అది ఆడవాళ్లదే. ఆ పెట్టె పాడైపోయాక వదిన ఇంటి ముందుగదికి వేరే టీవీ వచ్చింది. సాయంత్రపు కొలువు మాత్రం మారలేదు.

గెలుపు గెలుపే. కానీ ఒకటి తెగిపోయింది. వదిన ఆ తర్వాత మా అన్నతో కాపురం చేసింది, వండి పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది. టీవీ ఉన్న గదిలోకి మాత్రం ఏనాడూ పిలవలేదు. ఆయన కూడా ఏనాడూ ఆ గడప దాటలేదు, ఇంట్లోకి పెరటి దారినే పోయేవాడు. బయట అరుగు మీద వల అల్లుకుంటూ, గోడ అవతలి నుంచి వచ్చే మాటలు వింటూ కూర్చునేవాడు. నలభై ఏళ్లు ఏ బొమ్మా చూడకుండా అన్ని కథలూ విన్నాడు. లోపల నవ్వితే ఆయన చేతిలో అల్లికసూది ఆగేది. "నువ్వు పోయి కూచోరాదా" అని నేనంటే, "అది ఆమె జాగా" అనేవాడు.

కేబుల్ వచ్చింది, డిష్ వచ్చింది. పురాణాలు, అత్తాకోడళ్ల సీరియళ్లు, దెయ్యాల కథలు, పోలీసు కథలు, వంటలు, పాటల పోటీలు, అడవి జంతువుల బొమ్మలు, పాత హాస్యం. రిమోటు వదిన చేతిలో. ఆ సాయంత్రం ఏం చూడాలో కొలువుకు వచ్చిన మనిషిని బట్టి ఆమె నిర్ణయించేది. కొత్తగా కాపురానికొచ్చిన ఒక కోడలూ అత్తా నెలరోజులుగా మాటల్లేకుండా ఉంటే, ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి దెయ్యాల భాగం పెట్టింది. దెయ్యం బావిలోంచి చెయ్యి చాచగానే ఇద్దరూ ఒకరినొకరు కరుచుకున్నారు. మగడు వేట నుంచి తిరిగిరాని ఒకామెకు నెలల తరబడి వంటల కార్యక్రమాలే చూపించింది. నేను ఉండబట్టలేక అడిగాను, సీరియల్ పెట్టొచ్చు కదా అని.

"దానికిప్పుడు కథలొద్దు అబ్బయ్యా. కథలో ఎవరో ఒకరు తిరిగొస్తారు. ఉల్లిపాయ ఏగేది చూడనీ" అంది.

వరసగా వలలో ఏమీ పడని రోజుల్లో, ఊరంతా ముఖాలు వేలాడేసుకుని ఉంటే, జంతువుల బొమ్మ పెట్టేది. సింహం జింక వెనక పరిగెత్తి, అందక, రొప్పుతూ కూలబడేది. "చూడండి మే, దానికి గూడా దినామూ దొరకదు. రేపు మళ్లీ లేస్తాది" అనేది. గోడ అవతల అరుగు మీద మా అన్న దగ్గడం వినిపించేది. అది ఎవరి కోసం చెప్పిందో ఆయనకు తెలుసు.

ఇప్పుడు ఇద్దరి లెక్క తేల్చాలి.

మొదటివాడు నా కవి మిత్రుడు. సముద్రం చూస్తానని మా ఊరొచ్చి రెండు రోజులు వదిన చేతి చేపల పులుసు తిన్నాడు. సాయంత్రం గుమ్మంలో నిలబడి కొలువు చూశాడు. టౌనుకు పోయి, తీరంలోని ఆడవాళ్లు పెట్టె ముందు బానిసలై పడి ఉన్నారని వ్యాసం రాశాడు. వదిన దాన్ని నాచేత చదివించుకుంది. చివరిదాకా విని, "పులుసు సంగతి రాయలేదే? ఆయనకని రెండు ముక్కలు ఎక్కువేసినానే" అంది. ఆ రోజు నుంచి అతని పుస్తకావిష్కరణలకు నేను వెళ్లడం లేదు. ఎందుకో అతనికి ఇప్పటిదాకా తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

రెండోవాడు మా హైస్కూలు తెలుగు అయ్యవారు. నాకు ఛందస్సు నేర్పినవాడు ఆయనే, పుస్తకం పిచ్చి అంటించినవాడూ ఆయనే. ఎమ్మే చదివి ఉద్యోగం లేక ఒడ్డున తిరుగుతున్న నన్ను టౌను కాలేజీలో చేర్పించినవాడు కూడా ఆయనే. ఇప్పుడు తొంభై ఏళ్లు. గ్రంథాలయ వారోత్సవాలు జరిగిన ప్రతిసారీ వేదికెక్కి, టీవీ వచ్చి జాతి బుద్ధి చచ్చిందని చెప్పడం ఆయనకు అలవాటు. నేను ముందు వరసలో కూర్చుని విన్నాను. టీవీలో చెత్త లేదని నేననను. అచ్చులో చెత్త లేదా? నా అలమరలో సగం దాన్ని మోస్తోంది. అసలు ఆయన ఒక్క భాగమైనా చూసి తిట్టి ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

ఈమధ్య వదినకు బెంగ పట్టుకుంది. ఫోన్లు వచ్చాయి. ఇంటి కోడలు ఒక మూల, మనవరాలు ఒక మూల, ఎవరి చెవుల్లో వాళ్ల వైర్లు. లోకంలోని సీరియళ్లన్నీ అరచేతిలో ఉన్నాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు. "అన్నీ ఉండాయి అబ్బయ్యా, పక్కన మనిషే లేడు" అంది. అలిగి ఊరుకోలేదు. మనవరాలి ఫోను లాక్కుని, "ఇందులో ఉండేది ఆ పెద్ద తెర మీద కొట్టు, అందరం చూస్తాం" అంది. అలా మా ఎండుచేపల ఆడవాళ్లు కొరియా దేశపు ప్రేమకథలు చూశారు. "వీళ్లూ నేల మీదే కూచోని తింటారు మే, మనోళ్లే" అని వదిన తీర్పు చెప్పింది.

తర్వాత షుగరు ఆమె కళ్లు తినేసింది. టీవీ చూసి చూసి కళ్లు పోయాయని ఊళ్లో అన్నారు. అలా అన్నవాళ్ల ఇళ్లలోనూ ఉంది షుగరు, కాబట్టి నేను పేర్లు చెప్పను. కొలువు ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. వదిన మంచం టీవీ గదిలో మూలకు చేరింది. ఆడవాళ్లు చూస్తూ ఆమెకు చెప్పడం మొదలుపెట్టారు.

"కోడలు మెట్లు దిగతా ఉండాదక్కా."

"ఏం చీర?"

"పచ్చది."

"పచ్చేంది, ఆకుపచ్చేనా, పసుపుపచ్చా? కళ్లు మీకుండాయా, నాకుండాయా?"

కథలో ఎవరైనా చస్తే వాళ్లు చెప్పేవారు కాదు, పుట్టింటికి పోయిందనేవారు. వదిన కాసేపు విని, "పుట్టింటికి పోతే ఈ సన్నాయి ఎందుకే ఇట్టా ఏడస్తా ఉండాది? అబద్ధాలు నేర్పింది నేనే, నాకే చెప్తారా" అని పళ్లు లేని నోటితో నవ్వేది. గోడ అవతల మా అన్న కూడా నవ్వేవాడు. వాళ్లిద్దరూ కలిసి ఏదైనా చేశారంటే, ఆ గోడకు అటూ ఇటూ ఉండి నవ్వడమే.

చిన్నకర్మ అయిన మర్నాడు సాయంత్రం. కొలువంతా నాలుగేళ్లుగా చూస్తున్న ఒక సీరియల్ ఆ రోజే ముగుస్తోంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వాకిట్లో నిలబడ్డారు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ముందుగదిలో దుప్పటి కింద టీవీ, మూల ఖాళీ మంచం. పరామర్శకు కారులో వచ్చిన మా అయ్యవారు కుర్చీలో ఉన్నారు. మా అన్న ఎప్పటిలాగే అరుగు మీద ఉన్నాడు.

"దుప్పటి తియ్యిరా, మీ అమ్మ చెప్పింది గదా" అన్నాను అన్న కొడుకుతో.

"ఊరేమనుకుంటాది చిన్నాయనా? అమ్మ పోయి నాలుగు దినాలు గూడా కాలా, టీవీ పెట్టుకున్నారంటారు."

"అననీ. బతికినన్నాళ్లూ ఆమెను అన్నారు."

"నువ్వు రాత్రి బస్సుకు పోతావు. ఇక్కడ తలెత్తుకుని తిరగాల్సింది నేను."

అప్పుడు అయ్యవారు చెయ్యెత్తారు. "అబ్బాయి చెప్పిందే న్యాయం. చావింట్లో వినోదమేమిటి? ఆమె అమాయకురాలు, చదువులేక ఏదో అడిగింది. చదువుకున్నవాడివి, నువ్వు చెప్పవలసిందేనా ఇది?" అన్నారు నాతో.

నేను నోరు తెరిచేలోపే అరుగు మీద నుంచి మా అన్న గొంతు వచ్చింది. గట్టిగా కాదు.

"ఆ దినం గూడా మీరిట్టానే చెప్పినారు గదా అయ్యోరా."

అయ్యవారు ఏ దినమని అడిగారు.

"హాలుకు తాళమేసిన దినం. అచ్చరం రాని ఆడోళ్లకి పెట్టె చూపిస్తే చేతికి రారు, తాళం ఎయ్యి అన్నారు. నేను మాటిచ్చినానంటే, మాట కంటే ఇల్లు ముఖ్యం అన్నారు. అదే నోటితో, మా తమ్ముడి ఉద్యోగం మాట కాలేజీవాళ్ల చెవిలో ఎయ్యాలా వద్దా అన్నారు."

అయ్యవారు చేతికర్ర పిడిని నిమురుతూ, "నీ మంచికే చెప్పాను. నీ తమ్ముడు బాగుపడ్డాడా లేదా?" అన్నారు.

"బాగుపడినాడు. నా పెళ్లాం నలభై ఏళ్లు నన్ను లోపలికి పిలవలా" అన్నాడు మా అన్న.

నా ఉద్యోగానికి వెల ఎవరు కట్టారో నాకు ఆ క్షణం దాకా తెలియదు. ఆ పాపం తెచ్చి నా నెత్తిన పెట్టాలని చూసేవారుంటారు. నేను మోయను. బేరం పెట్టింది నేను కాదు, ఒప్పుకున్నదీ నేను కాదు. "నాకెందుకు చెప్పలేదు, కనీసం వదినకైనా ఎందుకు చెప్పలేదు?" అని అన్నను అడిగాను.

"చెప్తే ఆమె నీతో ఉద్యోగం మాన్పించుండేది. మీ వదిన సంగతి నీకు తెలీదా?" అన్నాడు.

అని లేచాడు. ఎనభై ఏళ్ల మోకాళ్లు, గోడ పట్టుకుని లేచాడు. గడప దగ్గర ఒక్కసారి ఆగి, లోపలికి అడుగుపెట్టాడు. దుప్పటి తీసి మడతపెట్టి కొడుకు చేతికిచ్చాడు. వాడు తీసుకున్నాడు. రిమోటులో ఏది నొక్కాలో మా అన్నకు తెలియలేదు. ఒకామె గబగబా లోపలికొచ్చి, "ఇట్టియ్యి బావా" అని నొక్కింది. ఆమె వెనకే వాకిలంతా లోపలికొచ్చింది. అయ్యవారు కర్ర ఆనించుకుని కారెక్కి వెళ్లిపోయారు. ఆయన్ని సాగనంపడానికి నేను లేవలేదు. జీవితంలో అదే మొదటిసారి.

మా అన్న నేల మీద, ఆడవాళ్ల వెనక, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నాలుగేళ్లుగా గొంతులు విన్న మనుషుల ముఖాలు ఇప్పుడు చూస్తున్నాడు. "ఆ లావాటామేనా అత్త? సన్నంగా ఉంటాదనుకుంటినే" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. కథ ముగింపుకు వచ్చింది. పెళ్లిపందిరి, పూలు. ముందు కూర్చున్న ముసలామె తెర మీంచి కళ్లు తిప్పకుండానే, మూల ఖాళీ మంచం వైపు మెడ వంచి, "పెళ్లికూతురు వస్తా ఉండాదక్కా. ఎర్ర చీర. నవ్వతా ఉండాది" అంది. ఆమెను ఎవరూ ఆపలేదు. మంచం మీద సాయంత్రపు ఎండ పడి ఉంది. కాసేపటికి ఇంకో గొంతు, వెనక గోడ దగ్గర నుంచి, మగ గొంతు, "జడ నిండా మల్లెపూలు మే" అని మంచానికి చెప్పింది.

బస్సు దాకా నాతో నడిచి వచ్చిన అన్న కొడుకు, "పెద్దాయన, గురువు, ఇంకెన్నాళ్లుంటాడు, వదిలెయ్యి చిన్నాయనా" అన్నాడు. చదువు చెప్పినందుకు ఆయనకు దండం పెట్టాను, మళ్లీ పెడతాను. వదలను మాత్రం. మా అన్నావదినల మధ్య నలభై ఏళ్లు నిలిచిన ఆ గోడకు నేను తప్పుపట్టేది మా తెలుగు అయ్యవారినే.